శాంతినికేతన్ ఆరుబయలు శిల్పాలు: వెళ్లేముందు చాలామంది అడిగే ప్రశ్నలు

శాంతినికేతన్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి స్నేహితులూ చుట్టాలూ ఫోన్ చేసి అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి అన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను. నేను కళా విమర్శకుణ్ని కాను. నాకు నచ్చినవాటి గురించి ఎక్కువ, మిగతావాటి గురించి తక్కువ రాశాను.

శాంతినికేతన్ అంటే ఠాగూర్ ఉన్న ఊరు కదా, అక్కడ శిల్పాలేమిటి?

అందరూ ఇదే అడుగుతారు, అక్కడికి వెళ్లినవాళ్లలోనూ సగంమంది ఇలాగే తిరిగొస్తారు. ఉత్తరాయణ్ ఆవరణలో రవీంద్రుడి ఇళ్లు, మ్యూజియం, ఆయన కారు చూసి, ఓ తోలుసంచీ కొనుక్కుని సాయంత్రం బండి ఎక్కేస్తారు. ఆ పక్కనే కళాభవన్ ఉంది. అది విశ్వభారతి విశ్వవిద్యాలయంలోని లలితకళల విభాగం, 1919లో మొదలైంది. దాని ఆవరణలో చెట్ల కింద, తరగతి గదుల నడుమ, హాస్టల్ గోడల మీద ఆధునిక భారతీయ కళలోని ముఖ్యమైన పనులు కొన్ని ఎండకూ వానకూ నిలబడి ఉన్నాయి. వాటిని చేసినవాళ్లు అక్కడే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పినవాళ్లు.

2023 సెప్టెంబరులో శాంతినికేతన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మన రామప్ప గుడికి వచ్చిన రెండేళ్లకన్నమాట.

ఎవరు చేశారివన్నీ?

మూడు పేర్లు గుర్తుంటే చాలు, మిగతావి నడుస్తూ ఉంటే తెలుస్తాయి. మొదటివారు నందలాల్ బోస్, కళాభవన్‌కు దాదాపు మూడు దశాబ్దాలు పెద్దదిక్కు. మిగతా ఇద్దరూ ఆయన శిష్యులే: శిల్పాల రామ్‌కింకర్ బైజ్, గోడ చిత్రాల బినోద్ బిహారీ ముఖర్జీ.

రామ్‌కింకర్‌ది పశ్చిమ బెంగాల్‌లోని బాంకురాలో ఒక పేద కుటుంబం, 1906లో పుట్టాడు. చిన్నప్పుడు ఊళ్లో దేవతా విగ్రహాలు చేసే కుమ్మరుల దగ్గర కూర్చుని చూస్తూ పని నేర్చుకున్నాడు. స్వాతంత్ర్య పోరాట రోజుల్లో పోస్టర్లు వేశాడు. ఆ కుర్రాడి చేతిలో పనితనం కనిపెట్టి, 1925లో శాంతినికేతన్‌కు చేర్చింది పత్రికా సంపాదకుడు రామానంద చటర్జీ. వచ్చినవాడు 1980లో పోయేదాకా ఆ ఊరితోనే ఉన్నాడు. శాంతినికేతన్‌లో గురువుల్ని కూడా ‘దా’ అనే పిలుస్తారు, మనం అన్న అన్నట్టు. ఆయన అందరికీ కింకర్‌దా.

ఒక్క శిల్పమే చూడగలిగితే ఏది చూడమంటారు?

‘సంథాల్ కుటుంబం’. ఆలోచించకుండా చెబుతాను.

రామ్‌కింకర్ 1938లో చేశాడు. కళాభవన్ ఆవరణలో ఉంటుంది. సంథాల్‌లంటే ఆ ప్రాంతపు గిరిజనులు. ఒక సంథాల్ మగమనిషి భుజాన కావడి వేసుకుని నడుస్తున్నాడు. కావడి అంటే మనకు వివరించి చెప్పక్కర్లేదు, బద్ద, రెండు చివర్లా రెండు బుట్టలు. ఒక బుట్టలో పసివాడు కూర్చున్నాడు. పక్కన భార్య, ఆవిడ చంకలో ఇంకో బిడ్డ. కాళ్ల దగ్గర కుక్క కూడా వాళ్లతో పాటే వస్తోంది. అంతే. రాజు లేడు, దేవుడు లేడు, నాయకుడు లేడు. పనికోసం సంసారాన్ని భుజానికెత్తుకుని ఇంకో ఊరికి పోతున్న కూలీ కుటుంబం.

అప్పట్లో ఊరి నడిమధ్య నిలబెట్టే విగ్రహమంటే గుర్రం మీద దొరగారో, కోటు వేసుకున్న జమీందారుగారో, విక్టోరియా రాణిగారో. అలాంటి రోజుల్లో మనిషికంటే పెద్ద సైజులో ఓ కూలివాణ్ని నిలబెట్టడం అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. భారతదేశంలో బహిరంగ స్థలంలో వెలసిన మొదటి ఆధునిక శిల్పం ఇదేనని చాలామంది కళా చరిత్రకారులు అంటారు.

దీన్ని ముందునుంచి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. చుట్టూ తిరగండి. ముందునుంచి చూస్తే నిలబడ్డట్టు అనిపించే మనిషి పక్కకు వచ్చేసరికి నడుస్తుంటాడు. నేను మూడోసారి చుట్టూ తిరుగుతుంటే గానీ బుట్టలో పిల్లవాడి మీద నా కన్ను ఆగలేదు. ఒక బుట్టలో బిడ్డ ఉంటే రెండో బుట్టలో సరిపడా బరువు ఉండాలి కదా, లేకపోతే కావడి నిలవదు. ఆ ఇంటి సామానంతా కలిపి ఒక పసివాడి బరువే!

నిజం చెప్పండి, అది ఎగుడుదిగుడుగా, పూర్తికానట్టు ఉంటుందేం?

మా బావ ఫొటో చూసి అన్న మాట కూడా ఇదే: “ఇంకా నున్నగా గీకలేదేంటి?”

కంచుకూ పాలరాతికీ డబ్బుల్లేవు. ఉన్నది సిమెంటు, కాళ్ల కింద ఎర్రమొరం. శాంతినికేతన్ ఉన్న బీర్‌భూమ్ జిల్లా నేలంతా మన తెలంగాణ మొరం దిబ్బల్లాగే ఎర్రగా, గులకగా ఉంటుంది. వానలకు కోసుకుపోయి వాగుల్లా తేలిన ఆ నేలను అక్కడ ఖొయాయ్ అంటారు. రామ్‌కింకర్ ఆ మొరాన్ని సిమెంటులో కలిపి, లోపల ఇనుప కడ్డీల చట్రం కట్టి, దాని మీదికి ముద్దలు ముద్దలుగా చేత్తో విసిరి అంటించాడు. తరవాత ఉలితో చెక్కాల్సినచోట చెక్కాడు. దగ్గరికి వెళ్లి చూస్తే రాళ్లు రాళ్లుగానే కనిపిస్తాయి, ఎర్రవి, గోధుమరంగువి. ఆ కుటుంబం ఏ నేల మీద నడిచిందో ఆ నేలతోనే వాళ్ల ఒళ్లు తయారైంది. నున్నగా చేసి రంగేస్తే ఆ సంగతి పోతుంది. మన చౌరస్తాల్లో బంగారు రంగు పూసిన విగ్రహాలు చూసీచూసీ మన కళ్లు నునుపుకు అలవాటుపడ్డాయి గానీ, ఇందులో తప్పేం లేదు.

పదార్థం చవకది కాబట్టి తిప్పలూ ఉన్నాయి. సిమెంటులో సన్నని పగులు వస్తే నీళ్లు లోపలికి దిగుతాయి, కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే పై పొర పెచ్చులూడుతుంది. మన డాబా స్లాబులకు వచ్చే జబ్బే ఇది. అందుకే ఆరుబయట నిలబడ్డ ఈ శిల్పాలకు మరమ్మతు పని ఎప్పుడూ ఉంటుంది.

ఇద్దరు ఆడవాళ్లు పరిగెత్తే శిల్పం ఒకటి ఉందటగా?

ఉంది. పేరు ‘కలేర్ బాంశీ’, అంటే మిల్లు కూత. ఇదీ రామ్‌కింకర్‌దే, 1956లో చేశాడు. సంథాల్ కుటుంబానికి దగ్గర్లోనే ఉంటుంది.

బియ్యపు మిల్లు కూత వేసింది. స్నానం చేసి వస్తున్న ఇద్దరు కూలి ఆడవాళ్లు తడిబట్టల్ని గాలికి ఆరేసుకుంటూనే పరుగందుకున్నారు. వెనకాల ఓ పిల్లవాడు. ఆ బట్ట చూడండి, సిమెంటుతో చేసింది అది, అయినా గాలికి జెండాలా లేచి ఎగురుతున్నట్టే ఉంటుంది. సంథాల్ కుటుంబానిది నిదానంగా సాగే నడక. పద్దెనిమిదేళ్ల తరవాత అదే మనుషులు మిల్లు కూతకు ఉరుకుతున్నారు. రెండూ వరసగా చూస్తే మధ్యలో జరిగిందేమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నాకైతే మొదటిదే ఎక్కువ ఇష్టం. మా ఆవిడ మాత్రం “ఆ కూత మన అమ్మమ్మ ఊళ్లో పొగాకు కంపెనీ కూతే” అని దీని దగ్గర్నుంచి అరగంట కదల్లేదు.

సుజాత ఎవరు? బుద్ధుడికి పాయసం ఇచ్చిన సుజాతేనా?

ఆవిడే. కానీ మొదట ఆవిడ కాదు.

1935లో రామ్‌కింకర్ యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక సన్నని, పొడుగాటి అమ్మాయి బొమ్మ చేశాడు. చెట్లలో చెట్టులా ఉంటుంది, వేగంగా నడిస్తే దాటేసిపోతారు. దగ్గర్లో ధ్యానంలో ఉన్న బుద్ధుడి శిల్పం ఉంది. ఆ అమ్మాయి తల మీద ఒక పాత్ర పెట్టమని నందలాల్ బోస్ సలహా ఇచ్చారనీ, పాత్ర పెట్టగానే నడిచే అమ్మాయి కాస్తా పరమాన్నం తీసుకెళ్తున్న సుజాత అయిందనీ చెబుతారు. గురువుగారు శిష్యుడి పనిని దిద్దే తీరు అది: గీసినదాంట్లో ఒక్క గీతా మార్చకుండా, పైన ఒక గిన్నె పెట్టించి కథ తెప్పించారు.

‘నల్ల ఇల్లు’ అంటే ఏమిటి?

బెంగాలీలో కాలో బాడీ. 1930ల్లో కట్టిన మట్టి హాస్టల్. గోడల మీద మట్టితోనే ఉబ్బెత్తు బొమ్మలు చేసి, వానకు కరిగిపోకుండా పైన తారు పూశారు. అందుకే నలుపు. భార్హుత్ స్తూపం బొమ్మలు, మొహెంజొదారో ముద్రల మీది జంతువులు, ఈజిప్టు, అస్సీరియా శిల్పాల నకళ్లు, అన్నీ ఒకే గోడ మీద. పుస్తకాల్లో చిన్న ఫొటోలుగా చూసిన కళా చరిత్రను విద్యార్థులు తమ పడకగది గోడ మీద చేత్తో చేసి నేర్చుకున్నారన్నమాట. మన హాస్టల్ గోడల మీద మనం ఏం రాశామో గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

ఇలాంటిదే ఇంకోటి ఉత్తరాయణ్‌లో ఉంది, ‘శ్యామలి’. ఠాగూర్ కోసం 1935లో కట్టిన మట్టిల్లు. గుమ్మానికి అటూ ఇటూ ఉన్న సంథాల్ బొమ్మలు రామ్‌కింకర్ చేసినవే. 1940లో గాంధీ, కస్తూర్బా వచ్చినప్పుడు ఇందులోనే దిగారు. ఎలాగూ మ్యూజియానికి టికెట్ కొంటారు కాబట్టి దీన్ని వదలకండి.

గోడ చిత్రాలు కూడా చూడాలా, శిల్పాలతో సరిపెట్టొచ్చా?

టైము తక్కువైతే మిగతావి వదిలేయండి గానీ విశ్వభారతి హిందీ విభాగం ఉండే హిందీ భవన్‌లోని బినోద్ బిహారీ చిత్రం వదలకండి. ఆరుబయటిది కాదు, లోపలి గోడల పైభాగంలో ఉంటుంది. అయినా ఈ పేజీలో దానికి చోటివ్వకపోతే అన్యాయం.

బినోద్ బిహారీకి పుట్టుకనుంచే చూపు సరిగా లేదు. ఒక కన్ను కనపడదు, రెండోదానితో దగ్గరివి మాత్రమే కనపడతాయి. ఆ ఒక్క కంటితో 1946-47లో హిందీ భవన్ మూడు గోడల మీద మధ్యయుగ భక్తుల జీవితాన్ని గీశాడు. కబీరు, సూరదాసు, తులసీదాసు, వాళ్ల చుట్టూ నేత, బేరం, స్నానఘట్టం, యాత్ర, జనం, జనం, జనం. నది ఒకటి కొండల్లో పుట్టి ఊళ్లమీదుగా పారినట్టు గోడంతా పారుతుంది.

తడి సున్నపు గచ్చు మీద చేసే పని ఇది. గచ్చు ఆరేలోపు ఆ రోజు ముక్క ఆ రోజు అయిపోవాలి. నీళ్లలో కలిపిన రంగు తడి సున్నంలోకి ఇంకి, ఆరేటప్పుడు గోడతో ఒకటైపోతుంది, తరవాత చెరిపి దిద్దడం కుదరదు. మామూలుగా ఇంత పెద్ద పనికి ముందు గోడంత కాగితం మీద నమూనా గీసుకుంటారు. ఆయన అదేం లేకుండా నేరుగా గోడ మీదే వేశాడు. పరంజా మీద గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా ఉండి గీస్తే తప్ప కనపడని మనిషికి, మొత్తం గోడ ఎలా వస్తోందో దూరంనుంచి చూసుకునే వీలే లేదు. అది మనసులోనే ఉండాలి. ఈ పనికి సాయం చేసిన విద్యార్థుల్లో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు.

తరవాత పదేళ్లకు ఆపరేషన్ వికటించి ఉన్న చూపూ పోయింది. అయినా ఆపలేదు. కాగితం కత్తిరించి బొమ్మలు చేశాడు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో చిత్రం చేశాడు, వేళ్లతో తడుముకుంటూ. అది ఆరుబయటే ఉంది, చూడండి. ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ అదే సంవత్సరం గురువు మీద డాక్యుమెంటరీ తీశాడు.

నలుపు తెలుపు బొమ్మలతో నిండిన బిల్డింగు ఫొటోలు చూశాను. అది ఎక్కడ?

కళాభవన్‌లోనే. అది పైన చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ పని. కేరళలో పుట్టి, ఇక్కడ చదువుకుని, బరోడాలో చాలాకాలం పాఠాలు చెప్పి, మళ్లీ ఇక్కడికే వచ్చారు. జంతువులు, దేవతలు, మనుషులు, ఆకులు, కాస్త కొంటెతనం, అన్నీ నలుపు తెలుపుల్లో బిల్డింగు చుట్టూ. రంగు వెలిసిపోతే ఎనభై దాటిన వయసులో పరంజా ఎక్కి మళ్లీ వేశారు. పాతది ఉన్నదున్నట్టు దిద్దకుండా కొత్తగా వేశారు. ఎక్కువమంది ఫొటో దిగేది ఇక్కడే, ముసురుకుని ఉంటారు, పొద్దున్నే వెళ్లండి.

ఏ రోజు వెళ్లకూడదు?

బుధవారం! విశ్వభారతికి వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. అది బ్రహ్మసమాజపు ప్రార్థన రోజు. అద్దాల ఉపాసనా మందిరంలో ప్రార్థన జరుగుతుంది.

ఇది నాకు ముందే తెలుసు. చదివాను, రాసుకున్నాను కూడా. టికెట్లు బుక్ చేసేటప్పుడు మాత్రం “ఆదివారం జనం ఎక్కువుంటారు, వారం మధ్యలో పోదాం” అన్న తెలివితేటలు చూపించి, సరిగ్గా బుధవారం పొద్దున గేటు ముందు నిలబడ్డాను. కాపలాదారు నవ్వలేదు, అది ఆయన మంచితనం. ఆ రోజంతా ఖొయాయ్‌లో ఎర్రమట్టి తొక్కుకుంటూ తిరిగాం. మర్నాడు శిల్పాల దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మొరం ఎక్కడిదో వేరే చెప్పించుకోనక్కర్లేకపోయింది గానీ, మీరు మాత్రం హోటల్‌కు ఒక రోజు అద్దె ఎక్కువ కట్టకండి.

ఇంకో సంగతి. ఇది పార్కు కాదు, తరగతులు నడిచే చోటు. బయటివాళ్లను ఎంతవరకు రానిస్తారు, ఏ వేళల్లో రానిస్తారు అన్నది మారుతూ ఉంటుంది. బయల్దేరే ముందు కనుక్కోండి, గేటు దగ్గర మళ్లీ అడగండి. పాత బ్లాగుల్లో ఉన్న వేళలు నమ్ముకోకండి, ఈ పేజీలో అవి రాయకపోవడానికి కారణమూ అదే.

మన వైపునుంచి ఎలా వెళ్లాలి?

సికింద్రాబాద్‌నుంచి హౌరాకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది, గుంటూరు, విజయవాడ, విశాఖ మీదుగా వెళుతుంది. హౌరానుంచి బోల్‌పూర్ శాంతినికేతన్ స్టేషన్‌కు సుమారు 150 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. పొద్దున శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. స్టేషన్ బయట బ్యాటరీ ఆటోలు ఉంటాయి, అక్కడ టోటో అంటారు. బేరం ఆడి ఎక్కండి.

ఎంత టైము పడుతుంది? ఏ వరసలో చూడాలి?

కళాభవన్‌కు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. పొద్దున ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి గరుకు సిమెంటు మీద నీడలు బాగా తేలతాయి. మధ్యాహ్నం నడినెత్తిన ఎండలో అదే శిల్పం చప్పగా ఉంటుంది. సుజాతతో మొదలుపెట్టి, సంథాల్ కుటుంబం, మిల్లు కూత, నల్ల ఇల్లు, నలుపు తెలుపు బిల్డింగు చూసి, ఎండ ముదిరాక హిందీ భవన్‌లోకి వెళ్లండి. ఉత్తరాయణ్ రెండో పూటకు ఉంచుకోండి. ఒక్క రోజులో కోల్‌కతానుంచి వచ్చి పోవచ్చు గానీ నేను చెయ్యమనను.

పిల్లలకు విసుగు రాదా?

ఫోన్ బదులు చేతిలో తెల్లకాగితాల పుస్తకం, పెన్సిల్ పెట్టండి. అక్కడ చెట్టు కింద కూర్చుని బొమ్మలేసే విద్యార్థులు ఎలాగూ కనిపిస్తారు, చూసి వీళ్లూ మొదలుపెడతారు. మా అమ్మాయి సంథాల్ కుటుంబంలోని కుక్కను ఒక్కదాన్నే వేసింది, నాలుగుసార్లు.

ఫొటోలు తీయొచ్చా, ముట్టుకోవచ్చా?

ఆరుబయటివాటి సంగతి అడిగి తీయండి, మ్యూజియం లోపల తీయొద్దు. పనిచేసుకుంటున్న విద్యార్థుల మొహాల మీద కెమెరా పెట్టొద్దు. ముట్టుకోవద్దు. ముట్టుకోవాలనిపిస్తుంది, తెలుసు. ఎక్కి కూర్చుని ఫొటో దిగేవాళ్ల గురించి నేనేం రాసినా బాగుండదు.

మన తెలుగువాళ్లకు శాంతినికేతన్‌తో సంబంధం ఏమైనా ఉందా?

బాగానే ఉంది. చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్‌నుంచి వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు, తిరిగొచ్చి హైదరాబాద్ కళాశాలలో ఎందరికో నేర్పారు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకుని వచ్చి ఠాగూర్‌ను తెలుగులోకి అనువదించారు, ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రీ అయ్యారు. చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ శాంతినికేతన్‌లో కాదు గానీ బరోడాలో సుబ్రమణ్యన్ శిష్యుడు. నలుపు తెలుపు బిల్డింగు ముందు నిలబడితే లక్ష్మా గౌడ్ గీత గుర్తుకొచ్చింది నాకు. ఆయన బొమ్మలు చూసి ఉంటే మీకూ రావచ్చు.

ఏ నెలలో వెళితే మంచిది?

నవంబరునుంచి ఫిబ్రవరి దాకా. వేసవి మన రామగుండం వేసవే. డిసెంబరు చివరి వారం పౌష మేళా జనంతో గదులు దొరకవు. నన్నడిగితే డిసెంబరు 1, 2 తేదీలకు వెళ్లండి. నందలాల్ బోస్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులు కళాభవన్‌లో నందన్ మేళా జరుపుతారు. విద్యార్థులు, గురువులు చేసిన బొమ్మలు, కుండలు, ముద్రణలు, క్యాలెండర్లు అక్కడే బల్లల మీద పెట్టి అమ్ముతారు, వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి వెళుతుంది. సంచీలో కాస్త చోటు, చిల్లర ఉంచుకోండి.